ఆఖరిబస్సుగారి చిన్న కారు

మా పై అంతస్తు అన్నయ్యకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది కానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. వీధిలో అందరూ వెనకాల ‘ఆఖరిబస్సు’ అంటారు. ఎదురుగా ‘అన్నయ్యగారూ’ అంటారు. ఆ ‘గారూ’లో మర్యాద పాలు కొంత, ముందుజాగ్రత్త పాలు కొంత. ఎప్పటికైనా ఆయన బండి ఎక్కవలసినవాళ్ళమే కదా, ఇప్పట్నించే మంచిగా ఉంటే పోలా అని.

ఆయన మునిసిపాలిటీ శవవాహనానికి డ్రైవరు. పొడుగాటి నల్ల బండి, వెనక అంతా అద్దాలు. దాన్ని తోలడం డ్రైవింగు కాదు, అదొక పద్ధతి. లోకంలో అందరూ ముందున్న అద్దంలోంచి రోడ్డు చూసి నడుపుతారు. ఈయన వెనక చూపించే చిన్న అద్దంలోంచి మనుషుల్ని చూసి నడిపేవాడు. వెనక నడిచి వచ్చేవాళ్ళలో అందరికంటే నెమ్మదైన మనిషి ఎవరో మొదటి మలుపు తిరిగేలోపు కనిపెట్టాలి. మామూలుగా అది పోయినాయన అక్కగారో, మోకాళ్ళ నొప్పులున్న పాత స్నేహితుడో అయి ఉంటారు. ఇక బండి వేగం ఆ మోకాళ్ళ చేతిలో ఉంటుంది. ఆవిడ ఆగి ఊపిరి తీసుకుంటే బండి కూడా ఊపిరి తీసుకుంటుంది. ఆవిడ కన్నీళ్ళు తుడుచుకుంటే బండి వేచి ఉంటుంది. “పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు తమ్ముడూ” అనేవాడు నాతో. నిలబడి నీళ్ళు తాగడానికి కూడా వీల్లేనివాళ్ళని తిప్పే మనిషి గనక నేను ఎదురు చెప్పేవాణ్ణి కాదు.

ఆయన రిటైరైన రోజున ఆఫీసులో టీ, బిస్కెట్లు ఇచ్చారు. ఆఫీసరు లేచి, “ఇంత సుదీర్ఘమైన సర్వీసులో ఈయన మీద ఒక్క ప్రయాణికుడి నుంచి కూడా ఫిర్యాదు రాలేదు” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కాగితం చూసి చదువుతున్నాడు మరి.

ఇదంతా బాగానే ఉంది. ఇంట్లో మాత్రం ఒక చిక్కు ఉండేది. మా వదిన, అంటే ఆయన భార్య, ఆయన తోలే బండి ఎక్కదు.

దానికో కథ ఉంది. పెళ్ళయిన కొత్తలో ఒక వానరోజు వదిన వాళ్ళ అక్కగారింటినుంచి వచ్చి రైలు దిగింది. బయట బస్సుల్లేవు. అన్నయ్య అప్పుడే పని ముగించుకుని ఆ దారినే వస్తున్నాడు. ఖాళీ బండి, తడుస్తున్న పెళ్ళాం. ఏ మొగుడైనా చేసే పనే చేశాడు, ముందు సీట్లో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బండి ఇంటి ముందు ఆగింది. ఎదురింటావిడ కిటికీలోంచి చూసింది. చూసి, ఇంక విషయం కనుక్కుందామని కూడా ఆగలేదు. “అయ్యో తల్లీ, ఈ వయసులోనే నూరేళ్ళూ నిండాయా!” అంటూ వానలో పరుగెత్తుకొచ్చి బండి అద్దాల మీద పడింది. ఆ తల్లి ముందు తలుపు తీసుకుని, సంచీ పట్టుకుని కిందికి దిగింది.

ఎదురింటావిడ ఏడుపు అంత తొందరగా ఆగే రకం కాదు. చివరికి వదినే ఆవిణ్ణి లోపలికి నడిపించుకెళ్ళి, మంచినీళ్ళిచ్చి, వీపు నిమిరి, “ఊరుకోండి, ఊరుకోండి, ఏం చేస్తాం” అని ఓదార్చింది. తన చావుకి తనే పక్కవాళ్ళని ఓదార్చిన మనిషిని వదిన్ని తప్ప నేను ఇంకెవర్నీ ఎరగను. ఆ తర్వాత చాలారోజులు ఎదురింటావిడ వదినతో ముభావంగా ఉందట, ఏడ్చిన ఏడుపంతా దండగైందని.

ఆ రాత్రే వదిన తేల్చేసింది. “మీరు తోలే బండి ఇంక బతికుండగా ఎక్కను.”

ఎక్కలేదు కూడా. ఎక్కడికి వెళ్ళినా ఇద్దరూ సిటీబస్సులోనే. అన్నయ్య కిటికీ పక్కన బుద్ధిగా కూర్చుని, డ్రైవరు సడన్‌గా బ్రేకు వేసినప్పుడల్లా తనకి దెబ్బ తగిలినట్టు ముఖం పెట్టేవాడు. ఆయన పైకి ఏమీ అనేవాడు కాదు. కానీ మెట్ల మీద కూర్చుని నాతో మాట్లాడే సాయంత్రాల్లో ఒకసారి అన్నాడు, “నా బండిలో వెనక ఎప్పుడూ ఖాళీ లేదు తమ్ముడూ. పక్కనే, ఎప్పుడూ ఖాళీ.”

రిటైరయ్యాక ఒకరోజు ఆయన నా తలుపు కొట్టాడు. ముఖం ఎర్రగా ఉంది. బస్టాండు ఎదురుగా ఉన్న కార్ల షోరూములో ఏదో చూసి వచ్చాడట.

“వెనక ఏమీ లేదు” అన్నాడు.

“దేనికి?”

“ఆ కారుకి. ముక్కు ఉంది, రెండు తలుపులున్నాయి, అయిపోయింది. అక్కడితో కారు అయిపోయింది తమ్ముడూ! కరెంటుతో నడుస్తుందిట. కుర్రాళ్ళు రేసులకి వెళ్ళే రకంట.” కాస్త ఆగి, “మీ వదిన ఎక్కుతుందంటావా?” అన్నాడు.

అసలు సంగతి అది. కారు కాదు.

నేను కూడా పైకి వెళ్ళాను. వదిన వంటింట్లో బీన్సు తరుగుతోంది. ఆయన తలుపు దగ్గరే నిలబడి విషయం చెప్పాడు. వదిన తరగడం ఆపలేదు.

“కారట” అంది నాతో, ఆయన అక్కడ లేనట్టు. “ఈ వయసులో. కరెంటుదిట. పక్కనుంచి వెళ్ళినా అలికిడే ఉండదట.”

“అలికిడి లేకుండా వెళ్ళడం అన్నయ్యకి కొత్తా వదినా?”

“నువ్వు ఊరుకో మరిదీ. నిన్ను పిలిస్తే సర్దిచెప్తావనుకున్నాడు, ఎగదోస్తున్నావు.”

“నువ్వు పక్కన కూర్చుంటేనే కొంటా. లేకపోతే వద్దు” అన్నాడు అన్నయ్య.

ఆయన అలా గట్టిగా మాట్లాడటం మేమిద్దరం ఎప్పుడూ వినలేదు. వదిన కత్తి కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకోవడానికి పట్టవలసిన దానికంటే ఎక్కువసేపే తుడుచుకుంది.

“సరే. కొనేముందు ఒకసారి నడిపి చూసుకోనిస్తారటగా, అప్పుడు ఎక్కుతా. కానీ ఒక్క మాట. దారిలో ఒక్కడంటే ఒక్కడు మనల్ని చూసి తల వంచాడా, అక్కడే దిగిపోతా. దిగానంటే మళ్ళీ ఎక్కను. అప్పుడింక కారూ లేదు, గీరూ లేదు.”

“కారుని చూసి ఎవడు తల వంచుతాడే?”

“నేను కారు గురించి చెప్పట్లేదు” అంది వదిన, మళ్ళీ కత్తి అందుకుంటూ.

మర్నాడు బయల్దేరుతుంటే అన్నయ్య నన్నూ రమ్మన్నాడు. “వెనక సీట్లో మనిషి పడతాడో లేదో చూడాలిగా తమ్ముడూ. నువ్వు పడితే ఇంకెవరైనా పడతారు.” నా ఒంటి గురించి ఇంత మర్యాదగా మా ఇంట్లో కూడా ఎవరూ మాట్లాడరు గనక వెళ్ళాను.

షోరూములో ఒక అమ్మాయి చేతిలో పలకలాంటి ట్యాబ్ పట్టుకుని ఎదురొచ్చింది. చలాకీ పిల్ల. కారు చుట్టూ మమ్మల్ని ఒక ప్రదక్షిణ చేయించి, కుర్చీల్లో కూర్చోబెట్టి, “కారు ఒకటే సార్, ఎక్స్‌ట్రాలు మాత్రం మీ ఇష్టం. మీ మనసు ఎలా ఉంటే కారు అలా తయారవుతుంది” అంది. అన్నయ్య కంగారుగా వదిన వైపు చూశాడు. తన మనసులా తయారైతే కష్టమని ఆయనకి తెలుసు.

“ముందు రంగు చూద్దాం. నలుపులో ఈ మోడల్ చాలా గంభీరంగా ఉంటుంది సార్.”

“వద్దు” అన్నాం ముగ్గురం ఒక్క గొంతుతో.

“పోనీ ముత్యంలాంటి తెలుపు?”

“వద్దు” అంది వదిన ఒక్కతే.

“బూడిద రంగు మేడమ్? ఈమధ్య అందరూ దానికే వస్తున్నారు.”

వదిన ఆ పిల్ల వైపు జాలిగా చూసింది. “అందరూ చివరికి దానికే వస్తారులే అమ్మా. ఇంకేముంది?”

నిమ్మపండు పసుపు ఉంది. దానికి నారింజ రంగు పట్టీ ఎక్స్‌ట్రా. వదిన రెండూ పెట్టమంది.

“ఇంతకుముందు సార్ ఏ బండి వాడేవారు?” అమ్మాయి అడిగింది.

“పెద్దది. వెనక పొడుగు.”

“ఓ, ఫ్యామిలీ కారా?”

అన్నయ్య అబద్ధం చెప్పలేడు. కొంచెం ఆలోచించి, “ఫ్యామిలీలు వెనకాల నడిచి వచ్చేవమ్మా” అన్నాడు.

అమ్మాయి తల ఊపింది. అర్థమైనప్పుడు ఊపే ఊపు కాదు అది.

తర్వాత తలుపులు. కొంచెం దగ్గరికి వేస్తే చాలునట, మిగతాది దానంతటదే మెత్తగా, చప్పుడు లేకుండా మూసుకుంటుందట. అన్నయ్య ముఖం వెలిగింది. ఇన్నేళ్ళూ చేత్తో తాను చేసిన పని అదే. కుర్చీలోంచి లేచి రెండుసార్లు వేసి చూశాడు. ఎంతో గౌరవంగా మూసుకుంది.

“వద్దు” అంది వదిన. “తలుపు వేస్తే వీధి చివరిదాకా వినపడాలి.”

ముందు భాగానికి చెక్క పని చేయించుకోవచ్చునట. “చెక్క వద్దు.” వెనక అద్దాలకి బటన్ నొక్కితే కిందికి దిగే తెరలు. “తెరలు వద్దు.” పైకప్పు మొత్తం గాజుది, పడుకుని చూస్తే ఆకాశం కనిపిస్తుంది. “ఆయనకి పైకి చూపించకండి” అంది వదిన.

అమ్మాయికి ఉత్సాహం తగ్గలేదు. “అయితే ఈ డబుల్ గ్లాసు మాత్రం తప్పకుండా తీసుకోండి మేడమ్. లోపల ఉన్నవాళ్ళకి బయటి ప్రపంచం అసలు వినపడదు.”

“ఆయన ఇన్నాళ్ళూ అలాంటివాళ్ళనే తిప్పారు తల్లీ.”

అమ్మాయి నావైపు చూసింది. నేను పక్కకి వంగి చెవిలో చెప్పాను. పాపం, చెప్పకుండా ఉండవలసింది. అప్పటిదాకా గలగలా పారిన మాట అక్కడినుంచి గులకరాళ్ళ మీద నడవడం మొదలుపెట్టింది.

“ఈ సీటు సార్, పూర్తిగా వెనక్కి వాలుతుంది. హాయిగా పడు… కూర్చోవచ్చు.”

“మంచిది” అన్నాడు అన్నయ్య.

“ఒక్కసారి చార్జి చేస్తే చాలా దూరం తీసుకెళ్ళిపోతుంది. అంటే, మళ్ళీ తీసుకొచ్చేస్తుంది కూడా సార్.”

“చాలా మంచిది.”

ఆ తర్వాత డిక్కీ చూపించడానికి వెనక్కి తీసుకెళ్ళింది. కారు కింద కాలు ఆడిస్తే చాలు, డిక్కీ తలుపు దానంతటదే లేస్తుంది. లేచింది. లేవగానే అన్నయ్య పక్కకి జరిగి, చేతులు ముందుకి కట్టుకుని, తల దించి నిలబడ్డాడు. ఆ నిలబడటంలో ఎంత నిజం ఉందంటే, నేనూ చేతులు కట్టుకున్నాను. పక్క కారు చూస్తున్న ఎవరో పెద్దాయన మాటలు ఆపేశాడు.

“ఏవండీ!” అంది వదిన పళ్ళ మధ్యలోంచి.

అన్నయ్య ఉలిక్కిపడి, “లోపలి పొడుగెంతమ్మా?” అన్నాడు, ఏదో ఒకటి అడగాలని.

“సీట్లు మడిస్తే మీటరున్నర దాకా వస్తుంది సార్.”

“చాలదు.”

“దేనికి చాలదు?” అంది వదిన.

ఆయన ఆమె ముఖం చూశాడు. “కూరగాయలకి” అన్నాడు.

మనిషి మీద నమ్మకం అక్కడే సగం పోయి ఉండాలి వదినకి. అయినా వెళ్ళిపోలేదు. తిరిగి కుర్చీలో కూర్చుని, “చూడమ్మా, చప్పుడు చేసేదేదైనా ఉందా ఇందులో?” అని అడిగింది.

ఉంది. స్పోర్ట్ సౌండ్ అట, కుర్రకారు తీసుకునే ఎక్స్‌ట్రా. కరెంటు కారుకి ఇంజను లేదు గనక శబ్దం ఉండదు, లేని ఇంజను శబ్దాన్ని స్పీకర్లలోంచి చేస్తారు. అమ్మాయి వినిపించింది. షోరూమంతా ఒక్కసారి తిరిగి చూసింది. అన్నయ్య గ్రంథాలయంలో ఈల వేసినవాడిలా ముడుచుకుపోయాడు.

“ఇంకా గట్టిగా లేదా?” అంది వదిన.

అదీ రాయించింది. ఎర్ర సీటు బెల్టులు రాయించింది. స్టీరింగుకి ఎర్రదారం కుట్లు రాయించింది. ఏదో పెళ్ళికూతుర్ని అలంకరిస్తున్నంత శ్రద్ధగా ఒక్కొక్కటీ పెట్టిస్తుంటే నాకు అర్థమైంది, కారు ఎక్కాలని అన్నయ్యకంటే వదినకే ఎక్కువగా ఉంది. ఎక్కలేకపోతానేమో అని భయం కూడా ఆవిడకే ఎక్కువ.

నడిపి చూడటానికి ఉంచిన కారు కూడా పసుపుపచ్చదే, నారింజ పట్టీ, ఎర్ర బెల్టులు, సౌండుతో సహా. ముందు అన్నయ్య, పక్కన వదిన. వెనక నేను, షోరూము అమ్మాయి. నేను పట్టాను. నేను పట్టిన తర్వాత ఆ అమ్మాయికి చోటు మిగల్లేదు కానీ, ఉద్యోగ ధర్మం కొద్దీ ఆమె కూడా పట్టింది. వదిన ఎర్ర బెల్టు పెట్టుకుని ఒళ్ళో చేతిసంచీ గట్టిగా పట్టుకుంది. అన్నయ్య ఆమె వైపు చూడలేదు. చూస్తే దిగిపోతుందేమో అన్నట్టు తిన్నగా ముందుకి చూస్తూ కారు బయటికి తీశాడు.

స్పీకర్లలో పులి గాండ్రించింది. కారు నత్తలా కదిలింది.

రోడ్డు మీదికి రాగానే అన్నయ్య చూపు అద్దంలోకి వెళ్ళింది. వెనక ఒక వ్యాను వస్తోంది, బీరువాలూ మంచాలూ మోసేది. మమ్మల్ని దాటడానికి చోటు లేక అది నెమ్మదించింది. అద్దంలో అది వెనకబడటం అన్నయ్య గమనించాడు. పాపం అనుకున్నాడు. తనూ నెమ్మదించాడు. దాంతో వ్యాను ఇంకా నెమ్మదించింది. అన్నయ్య ఇంకా పాపం అనుకున్నాడు.

“కొంచెం స్పీడుగా వెళ్ళొచ్చు సార్” అంది అమ్మాయి నా మోచేతి కిందనుంచి.

“వాళ్ళు అందుకోవాలి కదమ్మా.”

“ఎవరు సార్?”

“వెనకవాళ్ళు.”

“వాళ్ళు మనవాళ్ళు కారు సార్.”

ఆయనకి ఆ మాట అర్థం కాలేదు. వెనక వచ్చేవాళ్ళు మనవాళ్ళు కాకపోవడం అనేది ఆయన అనుభవంలో లేదు. నేను కష్టపడి మెడ తిప్పి చూశాను. వ్యాను వెనక ఒక బస్సు, బస్సు వెనక నాలుగైదు కార్లు, స్కూటర్లు, బుద్ధిగా వరస కట్టి వస్తున్నాయి. ఒకాయన పట్టపగలు లైట్లు కూడా వేశాడు. అడ్డు లెమ్మని వేశాడో, సంతాపంగా వేశాడో చెప్పలేను. అంత మంచి ఊరేగింపు నేను మా పెద్దనాన్నకి కూడా చూడలేదు.

వదిన వెనక్కి చూడలేదు. పక్కకి చూస్తోంది. రోడ్డు పక్క మనుషుల్ని ఒక్కొక్కర్నీ వరసగా పరీక్ష చేస్తోంది.

ముందు ఒకాయన ఆగాడు. మా వైపు చూశాడు. నడుం వంచాడు. వదిన చెయ్యి బెల్టు మీదికి వెళ్ళింది. ఆయన బూటు లేసు కట్టుకుని మళ్ళీ నడిచాడు.

“లేసు” అన్నాడు అన్నయ్య, ఊపిరి వదులుతూ.

“చూశాను” అంది వదిన.

బస్‌స్టాపులో ఉన్నవాళ్ళందరూ తలలు వంచే ఉన్నారు. వదిన నోరు తెరవబోయింది.

“ఫోన్లు వదినా, ఫోన్లు!” అన్నాను నేను. “ఈ రోజుల్లో ఎవడి తల నిటారుగా ఉంది?”

ఆవిడ న్యాయంగా ఆలోచించింది. “ఫోన్లు లెక్కలోకి రావు” అని తీర్పు చెప్పింది.

అన్నయ్య మెడ మీద చెమట పట్టింది. ఆయన స్టీరింగు పట్టుకోవడంలో ఒక ఆశ మొదలైంది. ఇంకొక్క కూడలి దాటితే వెనక్కి తిరిగే మలుపు వస్తుంది.

ఆ కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబులు ఉన్నాడు. నెరిసిన మీసాలు, ఎండకి నల్లబడ్డ ముఖం. ఎన్నేళ్ళనుంచో అక్కడే నిలబడే మనిషి. పసుపుపచ్చ కారు మీద నారింజ పట్టీ ఆయనకి కనపడలేదు, పులి గాండ్రింపు వినపడలేదు. ఆయనకి కనపడింది అద్దం వెనక అన్నయ్య ముఖం. వెంటనే చెయ్యెత్తాడు. మూడు వైపులా బండ్లు ఆపేశాడు. మడమలు దగ్గరికి చేర్చి, నిటారుగా నిలబడి, టోపీ తీసి గుండెలకి ఆనించుకుని, తల వంచాడు. మేం పూర్తిగా దాటేదాకా ఎత్తలేదు.

లేసు కాదు. ఫోనూ కాదు. పైగా అన్నయ్య ఆయనకి తల పంకించి జవాబు కూడా ఇచ్చాడు, అలవాటుగా.

“ఆపండి” అంది వదిన.

కూడలి దాటి కొంచెం ముందుకొచ్చి కారు ఆగింది. పక్కకి కూడా తియ్యలేదు, రోడ్డు మీదే ఆగింది.

“ఇదిగో, వాడు నా ముఖం చూసి ఏదో…”

“నేనూ అదే కదండీ చెప్పాను.” గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. “మీ తప్పేం లేదు. మీరు అలవాటు పడ్డారు, ఊరూ అలవాటు పడింది. నేనే పడలేకపోయాను. మీరు రండి, నేను బస్సులో వస్తా.”

బెల్టు తీసింది. తలుపు తెరిచింది. ఒక కాలు బయట పెట్టింది. బెల్టు తీసినందుకు కారు కీచుకీచుమని మొత్తుకుంటోంది, దాన్ని ఎలా ఊరుకోబెట్టాలో ఎవరూ చెప్పలేదు. అన్నయ్య చేతులు రెండూ స్టీరింగు మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు. అద్దంలో ఆయనకి కనపడేది నేనొక్కణ్ణే. నేను కళ్ళు పక్కకి తిప్పుకున్నాను.

అప్పుడు వెనకనుంచి వ్యాను వచ్చింది. ఇంతసేపూ మా వెనక ఉడికిపోయిన వ్యాను, కూడలిలో దారి దొరికి, మా పక్కగా వచ్చి ఆగింది. డ్రైవరు నడుం దాకా బయటికి వచ్చాడు.

“ఏయ్ ముసలోడా! రోడ్డు మధ్యలో కాపురం పెట్టావేంటి? నువ్వు నడిపేది కారా, శవాల బండా? చేతకాకపోతే ఇంట్లో పడుండొచ్చు కదా! ఎవడిచ్చాడు నీకు లైసెన్సు? పక్కకి తగలడు!”

అని, పెద్దగా హారను కొట్టి వెళ్ళిపోయాడు.

అన్నయ్య అద్దంలోంచి చూపు తీసి, వెళ్ళిపోతున్న వ్యాను వైపు చూశాడు.

“నన్నేనా?” అన్నాడు అన్నయ్య.

“మిమ్మల్నే” అంది వదిన.

“ముసలోడా అన్నాడు.”

“అన్నాడు.”

“తగలడు అన్నాడు.”

“అదీ అన్నాడు.”

ఒక జీవితకాలం రోడ్డు మీద గడిపిన మనిషి. ఆయన్ని రోడ్డు మీద ఇంతవరకూ ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఎవరంటారు, ఆ బండిని చూసి? నేను ముందుకి వంగి ఆయన ముఖంలో అవమానం కోసం వెతికాను. లేదు. పరీక్షల ఫలితాల్లో తన నంబరు చూసుకున్నవాడి ముఖంలా ఉంది.

వదిన ముఖం మాత్రం వేరుగా ఉంది.

“వాడెవడండీ మిమ్మల్ని అనడానికి?” అంది. బయటి కాలు లోపలికి లాక్కుంది. తలుపు లాగి వేసింది. ఆ చప్పుడు నిజంగానే వీధి చివరిదాకా వెళ్ళింది. “పదండి. వాణ్ణి పట్టుకోండి.”

“ఎలా?”

“దాటండి!”

“దాటడం అంటే…” ఆయన వెనక్కి తిరిగి అమ్మాయి వైపు చూశాడు.

“కుడికాలు సార్” అంది అమ్మాయి. “గట్టిగా నొక్కండి. దేనికీ ఆగకండి.”

నొక్కాడు. ఈ కరెంటు కార్ల సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. నా పొట్ట కూడలి దగ్గరే ఉండిపోయింది, మిగతా నేను ముందుకి వెళ్ళాను. షోరూము అమ్మాయి ఏదో దేవుణ్ణి తలుచుకుంది. వదిన ఒక చేత్తో బెల్టు పెట్టుకుంటూ, రెండో చేత్తో వేలు చూపిస్తూ, “అదుగో, అదుగో వాడు, పోనివ్వకండి!” అంటోంది. అన్నయ్య అద్దంలోకి ఒక్కసారి కూడా చూడలేదు.

తర్వాతి సిగ్నల్ దగ్గర దొరికాడు. ఎర్ర దీపం. వ్యాను పక్కన మా కారు ఆగింది, అన్నయ్య కిటికీ వైపు. ఎత్తు బండి గనక డ్రైవరు పైనుంచి మమ్మల్ని చూశాడు.

“అడగండి” అంది వదిన, మోచేత్తో పొడిచి. “గట్టిగా అడగండి.”

అన్నయ్య కిటికీ దించాడు. తిట్టడం ఆయనకి రాదు. బండి కిటికీలోంచి బయటివాళ్ళతో ఆయన ఎప్పుడూ అనే మాట ఒక్కటే ఉంది, బయల్దేరేముందు ఇంటివాళ్ళతో అనేది. నోటికి అదే వచ్చింది.

“ధైర్యంగా ఉండు నాయనా” అన్నాడు, ఎంతో మెత్తగా, అతని కళ్ళలోకి చూస్తూ. “ఇంక నువ్వు దేనికీ కంగారు పడక్కర్లేదు. అన్నీ నేను చూసుకుంటాను.”

వ్యాను డ్రైవరు అన్నయ్య ముఖాన్ని పరీక్షగా చూశాడు. ఎక్కడో చూసినట్టు అనిపించి ఉంటుంది. ఎక్కడో గుర్తొచ్చి కూడా ఉంటుంది, మనిషి ఒక్కసారిగా పాలిపోయాడు. పచ్చ దీపం వెలిగింది. మేం కదిలాం. వ్యాను కదల్లేదు. దాని వెనకనుంచి హారన్ల మోత చాలాదూరం వినిపించింది.

షోరూము చేరేదాకా వదిన నవ్వుతూనే ఉంది. మధ్యమధ్య ఆపి, “అన్నీ నేను చూసుకుంటాను!” అని ఆయన గొంతుతో అని, మళ్ళీ నవ్వింది. “అంత నవ్వేమిటే?” అంటూ అన్నయ్య గుర్రుగా ఉన్నట్టు కనబడటానికి ప్రయత్నించాడు. కుదర్లేదు.

గేటు లోపలికి వచ్చి దిగాం. వదిన దిగి ఒక అడుగు వేసి ఆగింది. కింద చూసుకుంది. కుడికాలికి చెప్పు ఉంది. రెండో కాలికి లేదు. సీటు కింద వెతికాం, నా కింద కూడా వెతికాం. లేదు.

“అక్కడే పోయుంటుంది, కాలు బయట పెట్టినప్పుడు” అంది. “కొత్త చెప్పులు. మొన్ననే కొన్నాను.”

“మేం ఎవర్నైనా పంపిస్తాం మేడమ్” అంది అమ్మాయి, ఒళ్ళు సర్దుకుంటూ.

“ఎవరెందుకమ్మా, ఎక్కడ పడిందో నాకు తెలుసుగా.” వదిన మళ్ళీ వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. “రండి. ఎవడైనా తొక్కేస్తాడు.”

నాకు నోరు ఊరుకోదు. “దిగితే మళ్ళీ ఎక్కనన్నావుగా వదినా?”

“ఎక్కడ దిగాను? ఒక కాలే పెట్టాను” అంది వదిన. “నువ్వు లోపల కూర్చో మరిదీ. వాళ్ళు టీ ఇస్తారు.”

“మేడమ్, మరి ఎక్స్‌ట్రాలు ఖాయం చేసేద్దామా?”

“వచ్చాక చూద్దాంలే తల్లీ.”

అన్నయ్య అప్పటికే స్టీరింగు ముందు ఉన్నాడు. ఈసారి ఆమె వైపు తిరిగి చూశాడు, బెల్టు పెట్టుకుందో లేదోనని. వెళ్ళారు.

టీ వచ్చింది. తాగాను. అమ్మాయి ఎదురుగా కూర్చుని గాజు గోడలోంచి గేటు వైపే చూస్తోంది. కూడలి అంత దూరమేం కాదు. ఎంతసేపటికీ కారు రాలేదు. ఇంకో టీ కూడా వచ్చింది. లోపలి గదిలోంచి మేనేజరు రెండుసార్లు తొంగిచూసి, అమ్మాయికి కళ్ళతో ఏదో చెప్పి వెళ్ళాడు.

“సార్, ఒకసారి ఫోన్ చేస్తారా?” అంది ఆ పిల్ల, చిన్న గొంతుతో.

చేశాను. వదిన ఎత్తింది. వెనకనుంచి గాలి హోరు, గాండ్రింపు.

“ఆ, మరిదీ! చెప్పు దొరికింది. పోలీసాయన తీసి జాగ్రత్తగా గట్టు మీద పెట్టాడు పాపం. తల వంచబోతే నేనే వద్దన్నాను… ఏంటీ? వినపడట్లేదు. ఎక్కడా? ఏమో, ఊరి బయటికి వచ్చాం. ఇటు రోడ్డు బాగుంది. ఉండు ఉండు, ముందు లారీ ఉంది, ఈయన దాటుతున్నారు.”

ఫోను పెట్టెయ్యడం మర్చిపోయింది. అందుకని ఆ లారీ పూర్తిగా వెనకబడేదాకా నేనూ, షోరూము అమ్మాయీ టీ కప్పులు పట్టుకుని వింటూ కూర్చున్నాం.